పసిఫిక్ దీవుల దేశాలు ఒకరికొకరు ఎలా తోడుంటున్నాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

పసిఫిక్ దీవుల ఫోరం సమావేశం వార్తల్లోకి వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. గ్రూప్-1, సివిల్స్‌కు చదివేవాళ్ళు కొందరు, ఫిజీలోనో న్యూజిలాండ్‌లోనో బంధువులున్నవాళ్ళు కొందరు, పేపర్లో చైనా పేరు చూసి అడిగేవాళ్ళు కొందరు. అందరికీ విడివిడిగా రాసే బదులు జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

## మొదటిసారి చదువుతున్నవాళ్ళకు

ఈ ఫోరం అసలేంటి? ఎవరు పెట్టారు?

1971 ఆగస్టులో న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఏడు దేశాల నాయకులు కూర్చుని దక్షిణ పసిఫిక్ ఫోరం పేరుతో మొదలుపెట్టారు. ఫిజీ, టోంగా, పశ్చిమ సమోవా, నౌరు, కుక్ దీవులు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆ ఏడు. అప్పటికే 1947 నుంచి దక్షిణ పసిఫిక్ కమిషన్ అని ఒకటుండేది. కానీ అది వలస పాలకులు పెట్టింది, అందులో రాజకీయాలు మాట్లాడకూడదు. తమ సముద్రంలో ఫ్రాన్స్ అణుబాంబులు పేలుస్తుంటే నోరెత్తడానికి వీల్లేని వేదిక దీవులవాళ్ళకు దేనికి పనికొస్తుంది? అందుకే వేరు కుంపటి పెట్టుకున్నారు. తర్వాత భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాలు కూడా చేరడంతో 2000 నుంచి పేరు పసిఫిక్ దీవుల ఫోరంగా మారింది. సచివాలయం ఫిజీ రాజధాని సువాలో ఉంది.

ఇప్పుడు ఎంతమంది సభ్యులు?

18. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫిజీ, పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, వనువాటు, సమోవా, టోంగా, తువాలు, కిరిబాస్, నౌరు, కుక్ దీవులు, నియూ, పలావు, మార్షల్ దీవులు, మైక్రోనేషియా సమాఖ్య, వీటికి తోడు 2016లో చేరిన ఫ్రెంచ్ పాలినేషియా, న్యూ కాలెడోనియా. చివరి రెండూ ఇంకా ఫ్రాన్స్ కిందే ఉన్నాయి. కాబట్టి "18 స్వతంత్ర దేశాలు" అని రాస్తే తప్పు.

పదివేల జనాభా ఉన్న దేశాలకు ఇంత పెద్ద ఏర్పాటు దేనికి?

జనాభా తక్కువ కాబట్టే. తువాలు భూభాగం 26 చదరపు కిలోమీటర్లు, నౌరు 21. ఒక మోస్తరు మండలమంత కూడా ఉండవు. అయినా ఐక్యరాజ్యసమితికి రాయబారి కావాలి, వాతావరణ చర్చలకు నిపుణులు కావాలి, డాక్టర్లు కావాలి, కోర్టులు కావాలి. ఇవన్నీ సొంతంగా సమకూర్చుకోవడం ఎవరి వల్లా కాదు.

రెండో కారణం సముద్రం. కిరిబాస్ నేల మొత్తం కలిపితే 811 చదరపు కిలోమీటర్లు. దాని హక్కులో ఉన్న సముద్రం దాదాపు 34 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన భారతదేశం మొత్తం కంటే ఎక్కువ. అంత నీటిని ఆస్ట్రేలియా ఇచ్చిన గస్తీ బోటుతో కాపలా కాయాలి. పొరుగువాళ్ళ నిఘా సమాచారం లేకపోతే దొంగ పడవ వచ్చి వెళ్ళిన సంగతి కూడా తెలియదు. విడివిడిగా వెళ్తే అడుక్కోవాలి, కలిసి వెళ్తే బేరమాడొచ్చు. ఈ ప్రాంతం గత యాభై ఏళ్ళలో నేర్చుకున్నది ఇదేనని నా అభిప్రాయం.

ఎస్‌పీసీ, ఎఫ్‌ఎఫ్‌ఏ, స్ప్రెప్... ఇన్ని పేర్లతో కన్ఫ్యూజన్‌గా ఉంది. ఏది ఏంటి?

పనిని బట్టి గుర్తుపెట్టుకోండి. రాజకీయ నిర్ణయాలు ఫోరంలో. ఆరోగ్యం, వ్యవసాయం, గణాంకాల లాంటి సాంకేతిక పనులు న్యూ కాలెడోనియా రాజధాని నూమియాలో ఉన్న పసిఫిక్ కమ్యూనిటీలో. పాత కమిషనే ఈ పేరు పెట్టుకుంది, దాన్నే ఇప్పటికీ ఎస్‌పీసీ అంటారు, సభ్యులు 27. చేపల వేట వ్యవహారాలు 1979లో పెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఏలో, అది సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో ఉంది. పర్యావరణం సమోవా రాజధాని అపియాలో ఉన్న స్ప్రెప్‌లో.

## రోజువారీ బతుకు: చదువు, ఆరోగ్యం, సంపాదన

పన్నెండు దేశాలకు కలిపి ఒకే యూనివర్సిటీ ఉందంటారు, నిజమేనా?

నిజమే. 1968లో సువాలో మొదలైన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి ఫిజీ, సమోవా, టోంగా, కిరిబాస్, వనువాటు వంటి 12 దేశాలు యజమానులు. న్యూజిలాండ్ వైమానిక దళం వదిలేసిన సీప్లేన్ల స్థావరంలో ప్రధాన క్యాంపస్ పెట్టారు. లా కోర్సులు వనువాటులో, వ్యవసాయం సమోవాలో చెబుతారు. వేల కిలోమీటర్ల అవతల ఉన్న దీవి పిల్లలకు పాఠాలు చేరవేయడానికి 1970లలోనే ఉపగ్రహాన్ని వాడారు. ఆన్‌లైన్ క్లాసుల గురించి మనం మాట్లాడుకోవడానికి నలభై ఏళ్ళ ముందు మాట ఇది.

దీని ఫలితం డిగ్రీలతో ఆగలేదు. వేర్వేరు దీవుల పిల్లలు ఒకే హాస్టల్లో, ఒకే క్యాంటీన్లో పెరిగారు. రేపు మంత్రులై బల్లకు అటూ ఇటూ కూర్చున్నప్పుడు ఆ పరిచయం పనికొస్తుంది. 2019లో ఇక్కడి లా విద్యార్థులు "పర్యావరణ మార్పు మీద అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అడుగుదాం" అని మొదలుపెట్టారు. వనువాటు ప్రభుత్వం దాన్ని భుజాన వేసుకుంది, 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించింది, 2025 జులై 23న హేగ్‌లో న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యతేనని, ఉల్లంఘిస్తే పరిణామాలు ఉంటాయని తేల్చింది.

చేపల మీద డబ్బు ఎలా వస్తుంది? "వెసెల్ డే స్కీమ్" అర్థమయ్యేలా చెప్పండి.

పసిఫిక్ సహకారంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇది, కాస్త వివరంగా చెబుతాను.

ప్రపంచంలో డబ్బాల్లోకి వెళ్ళే ట్యూనాలో పెద్ద వాటా ఈ దేశాల సముద్రంలోదే. ఒకప్పుడు జపాన్, కొరియా, తైవాన్, అమెరికా ఓడలు ఒక్కో దేశం దగ్గరికి విడివిడిగా వచ్చి బేరమాడేవి. "నువ్వు రేటు తగ్గించకపోతే పక్క దేశంలో పడతాం" అంటే చిన్న ప్రభుత్వం ఏం చేస్తుంది? వచ్చినంతకు సంతకం పెట్టేది.

1982లో నౌరు ఒప్పందం పేరుతో కొన్ని దేశాలు కూడబలుక్కున్నాయి. ఇప్పుడు అందులో ఎనిమిది: పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, కిరిబాస్, నౌరు, తువాలు, మార్షల్ దీవులు, పలావు, మైక్రోనేషియా సమాఖ్య. న్యూజిలాండ్ కింద ఉన్న టోకెలావు దీవులు కూడా ఈ పథకంలో కలిశాయి. 2007 నుంచి వీళ్ళు చేపలను లెక్కగట్టి అమ్మడం మానేసి రోజులను అమ్మడం మొదలుపెట్టారు. ఏడాదికి మొత్తం ఇన్ని వేట దినాలు అని తేల్చి దేశాల మధ్య పంచుకుంటారు. పెద్ద వలల ఓడ ఎవరి సముద్రంలో ఒక రోజు ఉంటే ఆ రోజుకు డబ్బు కట్టాలి, వలలో ఎంత పడిందనేది ఓడ యజమాని అదృష్టం. అందరూ కలిసి ఒక కనీస ధర పెట్టుకున్నారు కాబట్టి పక్క దేశానికి పోతామనే బెదిరింపు చెల్లదు. 2015 నాటికి ఆ కనీస ధర రోజుకు 8,000 డాలర్లకు చేరింది. 2010లో 6 కోట్ల డాలర్లుగా ఉన్న ఉమ్మడి ఆదాయం పదేళ్ళలోపే 50 కోట్ల డాలర్ల దగ్గరికి వచ్చింది.

ఇందులో ఇంకో తెలివి ఉంది. ట్యూనా ఒకచోట నిలవదు. ఎల్‌నినో ఏడాది గుంపులు తూర్పుకు, కిరిబాస్ వైపు వెళ్తాయి. లానినా వస్తే పడమరకు, పాపువా న్యూగినీ వైపు తిరుగుతాయి. అందుకే ఒక దేశం మిగిలిన తన రోజులను ఇంకో దేశానికి బదిలీ చేయొచ్చు. ఓడలు మోసం చేయకుండా ప్రతి ఓడ మీదా ఉపగ్రహ పరికరం, దానితో పాటు ఒక స్థానిక పరిశీలకుడు ఉంటారు. వల ఎక్కడ వేశారు, ఏ చేప ఎంత పడింది, షార్క్‌లేమైనా చిక్కాయా అని రాసుకుంటూ వారాల తరబడి పరాయి భాష మాట్లాడే సిబ్బంది మధ్య సముద్రంలో గడపాలి. ప్రమాదకరమైన ఉద్యోగం. ఈ పరిశీలకుల భద్రత, జీతాల గురించి నాయకులు ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

కిరిబాస్ ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా వేట లైసెన్సులదే. బడి, ఆసుపత్రి, మందులు అన్నీ ఆ డబ్బుతోనే నడుస్తున్నాయి.

దేశాధినేతల సమావేశంలో షుగర్ వ్యాధి గురించి ఎందుకు మాట్లాడతారు?

షుగర్, బీపీ, గుండెజబ్బులు అక్కడ నడివయసువాళ్ళనే తీసుకుపోతున్నాయి కాబట్టి. 2011లో ఫోరం నాయకులు దీన్ని ప్రాంతీయ సంక్షోభంగా ప్రకటించారు. చేపా కొబ్బరీ చేమదుంపా తినే చోట దిగుమతి బియ్యం, నూడుల్స్, డబ్బా మాంసం, కూల్‌డ్రింకులు వచ్చి కూర్చున్నాయి. బయటి దేశాల్లో ఎవరూ తినని కొవ్వు ముక్కలు ఇక్కడికి చవగ్గా వచ్చి పడేవి. ఫిజీ 2000లో గొర్రె కొవ్వు ముక్కలను, సమోవా 2007లో టర్కీ కోడి తోకలను నిషేధించాయి. కానీ 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడానికి సమోవా తన నిషేధం ఎత్తేస్తానని ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రజల ఆరోగ్యం కోసం పెట్టిన నిబంధనను వాణిజ్యం పేరుతో తీయించడం అన్యాయం.

ఆడవాళ్ళ పరిస్థితి మీద ఏమైనా చేశారా?

2012లో కుక్ దీవుల సమావేశంలో లింగ సమానత్వ ప్రకటన చేశారు, 2023లో దాన్ని సవరించి బలపరిచారు. అవసరం చాలా ఉంది. ఫిజీలో జరిగిన సర్వేలో భర్త లేదా భాగస్వామి చేతిలో హింసకు గురైన మహిళలు 64 శాతం, కిరిబాస్‌లో 68 శాతం అని తేలింది. రాజకీయాల్లో మార్పు నెమ్మదిగా వస్తోంది. సమోవా పార్లమెంటులో మహిళలకు కనీసం 10 శాతం స్థానాలు ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకుంది. అక్కడ 2021లో ఫియామే నయోమి మతాఫా తొలి మహిళా ప్రధాని అయ్యారు.

అక్కడివాళ్ళు కూడా పని కోసం వలస వెళ్తారా?

వెళ్తారు. న్యూజిలాండ్ 2007లో సీజన్ కూలీల పథకం పెట్టింది, ఆస్ట్రేలియాలోనూ అలాంటిది ఉంది. యాపిల్, ద్రాక్ష తోటల్లో కొన్ని నెలలు పనిచేసి తిరిగొస్తారు. దేశ ఆదాయంతో పోలిస్తే విదేశాల నుంచి ఎక్కువ డబ్బు అందుకునే దేశాల్లో టోంగా ప్రపంచంలోనే ముందుంటుంది. ఇల్లు లేస్తుంది, పిల్లల ఫీజులు కడతారు. మరోవైపు ఊళ్ళలో పనిచేసే వయసువాళ్ళు మిగలరు. గల్ఫ్ వలసలున్న జిల్లాలవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

## ఆపద వచ్చినప్పుడు

సైన్యం లేని దేశంలో గొడవలొస్తే ఎవరు ఆపుతారు?

దీవుల దేశాల్లో సైన్యం ఉన్నవి ఫిజీ, పాపువా న్యూగినీ, టోంగా మాత్రమే. 2000లో వారాల తేడాతో ఫిజీలో, సోలమన్ దీవుల్లో తిరుగుబాట్లు జరిగాయి. అదే ఏడాది కిరిబాస్‌లో నాయకులు బికెటావా ప్రకటన చేశారు: సభ్యదేశం సంక్షోభంలో పడితే, అది సాయం కోరితే, ఇరుగుపొరుగు కలిసి వెళ్ళొచ్చు.

ఆ ప్రకటన ఆధారంగా, సోలమన్ దీవుల కోరిక మీద 2003 జులైలో ఆస్ట్రేలియా నాయకత్వంలో రామ్సీ అనే శాంతి బృందం అక్కడ దిగింది. చిన్న దేశాలు కూడా తమ పోలీసులను పంపాయి. ముఠాల దగ్గర తుపాకులు వెనక్కి తీసుకున్నారు, ఖజానా లెక్కలు సరిచేశారు, పోలీసు శాఖను మళ్ళీ నిలబెట్టారు. 2017 జూన్‌లో ముగించారు. ఖర్చులో సింహభాగం ఆస్ట్రేలియాదే. అయినా వీధిలో తిరిగే పోలీసుల్లో సమోవా, టోంగా, ఫిజీవాళ్ళు కనిపించడం వల్ల జనం దీన్ని పరాయి ఆక్రమణగా చూడలేదు.

2019లో సమోవాలో పిల్లలు చనిపోయారని విన్నాం. ఏం జరిగింది?

మీజిల్స్, మన ఊళ్ళలో తట్టు అంటాం. రెండు లక్షల జనాభా ఉన్న దేశంలో 83 మంది చనిపోయారు, ఎక్కువ మంది ఐదేళ్ళలోపు పసివాళ్ళే.

మూలం అంతకు ముందే పడింది. 2018లో నర్సులు టీకా మందులో నీళ్ళకు బదులు పొరపాటున కండరాలను సడలించే మందు కలపడంతో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. ప్రభుత్వం నెలల తరబడి టీకాలు ఆపేసింది. టీకాలే ప్రమాదకరమని సోషల్ మీడియాలో ప్రచారం ఊపందుకుంది. ఆ ఏడాది టీకా వేయించుకున్న పసివాళ్ళు మూడో వంతు కూడా లేరు. సరిగ్గా అప్పుడు వ్యాధి వచ్చిపడింది.

2019 నవంబరులో ఎమర్జెన్సీ ప్రకటించారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సహా అనేక దేశాల వైద్య బృందాలు వచ్చాయి. డిసెంబరు 5, 6 తేదీల్లో దేశం మొత్తం మూసేశారు. టీకా వేయించుకోనివాళ్ళున్న ఇళ్ళు గుమ్మం ముందు ఎర్రగుడ్డ కట్టమన్నారు, బృందాలు ఆ గుడ్డ చూసి ఇంటింటికీ వెళ్ళాయి. నెలాఖరుకు 95 శాతం దాకా టీకాలు పూర్తయ్యాయి. ఓ చిన్న దేశం ఆసుపత్రి వార్డులు నిండిపోతే పక్క దేశం డాక్టర్లే దిక్కు. భద్రత అంటే ముందు ఇదీ అని నేను అనుకుంటాను.

టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు సాయం ఎలా అందింది?

2022 జనవరి 15న సముద్రంలోని హుంగా అగ్నిపర్వతం పేలి సునామీ వచ్చింది. దేశానికున్న సముద్రగర్భ కేబుల్ తెగిపోయింది. దాన్ని అతికించడానికి ఐదు వారాలు పట్టింది. బూడిద పడి వాననీటి తొట్లు పాడయ్యాయి కాబట్టి మొదట కావాల్సింది తాగునీరు. విపత్తుల్లో కలిసి పనిచేయడానికి ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మధ్య 1992 నుంచి ఉన్న ఒప్పందం అప్పుడు అక్కరకొచ్చింది. నౌకలు నీళ్ళు, నీటిని శుద్ధి చేసే యంత్రాలు తెచ్చాయి. టోంగాలో అప్పటికి కోవిడ్ వ్యాపించలేదు. అందుకే సరుకు దించి మనుషులు కలవకుండా వెనక్కి వెళ్ళే పద్ధతి పెట్టుకున్నారు.

పర్యావరణ మార్పు సెక్యూరిటీ సమస్య ఎలా అవుతుంది?

తువాలులో పులాకా అనే దుంప పండిస్తారు, మన చేమ జాతిదే. పగడపు నేలలో గొయ్యి తవ్వి, అడుగున పలచగా ఉండే మంచినీటి పొర తగిలేదాకా వెళ్ళి అందులో నాటుతారు. సముద్రం పొంగి ఉప్పునీరు ఆ పొరలోకి ఎక్కితే గొయ్యి గొయ్యంతా చచ్చిపోతుంది. తరాలుగా ఇంటికి తిండి పెట్టిన గొయ్యి అది. 2011లో వానలు లేక తువాలులో తాగునీటికి ఎమర్జెన్సీ పెడితే న్యూజిలాండ్ విమానంలో ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాలు పంపింది. తిండి, నీరు, ఉండే చోటు మూడూ పోతున్నప్పుడు ఇంకే శత్రువు కావాలి? 2018లో నౌరులో చేసిన బో ప్రకటనలో, పసిఫిక్ ప్రజల బతుకుకు, భద్రతకు అన్నిటికంటే పెద్ద ముప్పు పర్యావరణ మార్పేనని రాశారు. సైబర్ నేరాలు, డ్రగ్స్ రవాణా, ప్రజారోగ్యం కూడా భద్రత కిందికే తెచ్చారు.

దీవి మునిగిపోతే దేశం రద్దవుతుందా?

రద్దు కాకూడదన్నది ఫోరం వైఖరి. సముద్ర మట్టం పెరిగినా ఒకసారి ప్రకటించిన సముద్ర సరిహద్దులు మారవని 2021లో, దేశాల ఉనికి కొనసాగుతుందని 2023లో ప్రకటించారు. దేశానికి ఉండాల్సిన లక్షణాల్లో ఒకటి పోయినంత మాత్రాన దేశం పోయినట్టు కానక్కర్లేదని 2025లో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా అంది. ఇక మనుషుల సంగతి: 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన ఫలెపిలి ఒప్పందం కింద ఏటా 280 మంది తువాలు పౌరులను ఆస్ట్రేలియా తీసుకుంటుంది. బదులుగా వేరే దేశంతో భద్రతా ఒప్పందం చేసుకోవాలంటే తువాలు ఆస్ట్రేలియాతో ముందు ఒక మాటకు రావాలి. ఆ షరతు బరువైనదే.

అణ్వాయుధాల మీద అంత పట్టుదల ఎందుకు?

వాళ్ళ ఒంటి మీద మానని గాయం కాబట్టి. అమెరికా 1946–58 మధ్య మార్షల్ దీవుల్లో 67 అణు పరీక్షలు చేసింది. ఫ్రాన్స్ 1966 నుంచి 1996 దాకా ఫ్రెంచ్ పాలినేషియాలో 193 చేసింది. 1985లో, హిరోషిమా మీద బాంబు పడిన ఆగస్టు 6నే, కుక్ దీవుల్లోని రారోటొంగాలో దక్షిణ పసిఫిక్‌ను అణ్వాయుధ రహిత ప్రాంతంగా ప్రకటించే ఒప్పందం మీద సంతకాలు చేశారు.

## పెద్ద దేశాలు, ఇంటి తగాదాలు

చైనా వల్ల ఫోరం చీలిపోతోందా?

ఒత్తిడి ఉంది, చీలిక లేదు. 2022 ఏప్రిల్‌లో సోలమన్ దీవులు చైనాతో భద్రతా ఒప్పందం చేసుకున్నాయి. వెంటనే ఆస్ట్రేలియా, అమెరికాలకు టెన్షన్ మొదలైంది. అదే ఏడాది పది దేశాలతో ఒకేసారి ఉమ్మడి ఒప్పందం చేసుకోవాలని చైనా ప్రయత్నిస్తే, ముందు మాలో మేం మాట్లాడుకోవాలని దీవుల దేశాలు పక్కనపెట్టాయి. 2024లో టోంగా సమావేశంలో ఆస్ట్రేలియా డబ్బుతో ఉమ్మడి పోలీసు శిక్షణ పథకానికి ఒప్పుకున్నారు. 2025లో హోనియారాలో పసిఫిక్‌ను "శాంతి సముద్రం"గా ప్రకటించారు. ఇద్దరి దగ్గరా సాయం తీసుకుంటూ ఎవరి పక్షానా నిలబడకపోవడం అవకాశవాదమని కొందరంటారు. నేనలా అనను. అలీనోద్యమ కాలంలో మనమూ అదే చేశాం.

2021లో ఐదు దేశాలు వెళ్ళిపోతామన్నాయట కదా?

అవును. ఫోరం సెక్రటరీ జనరల్ పదవి ఆసారి ఈ ఐదు దేశాలున్న మైక్రోనేషియా ఉపప్రాంతానికి రావాలన్నది పెద్దమనుషుల ఒప్పందం. ఓటింగ్‌లో కుక్ దీవుల మాజీ ప్రధాని హెన్రీ పునా గెలవడంతో పలావు, నౌరు, కిరిబాస్, మార్షల్ దీవులు, మైక్రోనేషియా సమాఖ్య అలిగాయి. 2022 జూన్‌లో సువా ఒప్పందంతో రాజీ కుదిరింది, పదవి వంతులవారీగా తిరుగుతుందని రాసుకున్నారు. కిరిబాస్ మాత్రం జులైలో బయటికి వెళ్ళి 2023 మొదట్లో తిరిగొచ్చింది. ఫిజీ ప్రధాని సితివేని రబుకా స్వయంగా కిరిబాస్ వెళ్ళి క్షమాపణ చెప్పి పిలిచారు. 2024లో నౌరుకు చెందిన బారన్ వాకా ఆ పదవిలోకి వచ్చారు.

బొగ్గు అమ్మే ఆస్ట్రేలియా లోపలే ఉంటే పర్యావరణం మీద గట్టిగా ఎలా మాట్లాడతారు?

అదే అసలు ఇబ్బంది. ఫోరంలో నిర్ణయాలు ఏకాభిప్రాయంతో జరుగుతాయి, ఒక్కరు అడ్డం చెప్పినా మాట పలచబడుతుంది. 2019లో తువాలులో జరిగిన సమావేశంలో బొగ్గు ప్రస్తావన మీద గంటల తరబడి వాదులాట జరిగింది. చివరికి ఆస్ట్రేలియా ఒప్పుకున్న మేరకే పదాలు మిగిలాయి. మరోపక్క గస్తీ బోట్లు, నిధులు, ఆపదలో విమానాలు వచ్చేదీ అక్కడి నుంచే.

## భారత్, తెలుగువాళ్ళు

ఫిజీలో తెలుగువాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. 1879–1916 మధ్య బ్రిటిష్‌వాళ్ళు చెరకు తోటలకు దాదాపు 60 వేల మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా తీసుకెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళు, మలయాళీలు ఉన్నారు. 1926లో నాడిలో సాధు కుప్పుస్వామి నాయకత్వంలో పెట్టిన దక్షిణ భారతీయుల సంగం ఇప్పటికీ గుళ్ళు, బళ్ళు, లబాసాలో నర్సింగ్ కాలేజీ నడుపుతోంది. అన్ని జాతుల పిల్లలూ అక్కడ చదువుతారు.

ఈ దేశాలకు భారత్ ఏం చేస్తోంది?

2014 నవంబరులో సువాలో 14 దీవుల దేశాలతో ఫిపిక్ అనే వేదిక మొదలైంది. మూడో శిఖరాగ్ర సమావేశం 2023 మేలో పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో జరిగింది. అందులో ఫిజీలో గుండెజబ్బుల ఆసుపత్రి, డయాలసిస్ యూనిట్లు, చవక మందుల దుకాణాలు, జైపూర్ కాలు శిబిరాల హామీలిచ్చారు. షుగర్ వల్ల కాళ్ళు తీసేయాల్సి వచ్చే ప్రాంతంలో అన్నిటికంటే ముందు అమలు కావాల్సింది ఆ చివరి రెండూ.